పాసైన ఈగలు

అందరికీ సంతోషంగా తెలియజేయునది ఏమనగా, ఈగలు బతికాయి.

ఏ ఈగలు, ఎందుకు బతికాయి, బతికితే మాకేంటి అని అడిగే తొందర కొందరికి ఉంటుంది. వాళ్ల కోసమే ఈ నివేదిక. నేను విష పరీక్షా సంస్థలో గ్రాఫులు గీసే ఉద్యోగిని. చదివింది కంప్యూటర్లు. ఈగ చస్తే నా తెర మీద గీత కిందికి దిగుతుంది, బతికితే పైకెక్కుతుంది. ఈగజాతితో నా పరిచయం అంతవరకే. హోదా మరీ చిన్నది కావడంతో నేను గదిలో ఉన్నానన్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండదు. అందువల్ల అన్నీ వింటాను.

ముందు మా సంస్థ గొప్పతనం చెప్పాలి. ఊళ్లో ఎవరు ఏ పొడి, ఏ ద్రవం, ఏ పొగ తయారుచేసినా అది మనిషికి హాని చేస్తుందా లేదా అని తేల్చేది మేమే. నేరుగా మనుషుల మీద పరీక్షించడం అనైతికం కనుక ఆ పని మేము చేయము. అది ఫ్యాక్టరీలు చూసుకుంటాయి. మేము ఈగల మీద పరీక్షిస్తాం. అరటిపండు కాస్త మగ్గగానే ఎక్కడినుంచో ఊడిపడి దాని చుట్టూ తిరుగుతాయే, ఆ బుల్లి ఈగలు. వాటినే ఎంచుకోవడానికి శాస్త్రీయ కారణాలున్నాయి. మనిషి జబ్బులతో సంబంధమున్న జన్యువుల్లో చాలావాటికి ఈగ ఒంట్లో జోడీలున్నాయి. పదిరోజులు అటూ ఇటూగా గుడ్డు కాస్తా ఈగైపోతుంది కాబట్టి ముత్తాత నుంచి మునిమనవడి దాకా ఒక్క ఎండాకాలంలో చూసేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఈగ కోర్టుకెళ్లదు. దానికి పత్రికలో పనిచేసే మేనమామ ఉండడు.

ఇక అసలు విషయం. బట్టలకు రంగులేసే ఫ్యాక్టరీ ఒకటుంది. దాని వెనక వీధిలో కిందటేడు మా అక్కా బావా అద్దెకు దిగారు. ఆ వీధికి ఒకటే బోరు, ఒకటే ట్యాంకు. కుళాయి తిప్పితే వచ్చే నీటిని బట్టి ఫ్యాక్టరీలో ఏ ఆర్డరు నడుస్తోందో చెప్పేయొచ్చు.

"ఈ వారం నీలం చొక్కాలనుకుంటానే," అనేది అక్క ఫోన్లో. "పోయిన వారం ఎవరో పెళ్లికి తెగ కొన్నట్టున్నారు, అన్నీ ఎరుపే."

వాళ్ల అమ్మాయి చిట్టికి ఐదేళ్లు. నీటి రంగు నాకు చెప్పడం దానికి ఇష్టమైన ఆట. "పిన్నీ, ఇవాళ గులాబీ!" అని అరిచేది. అరిచి, కాసేపటికి వాంతి చేసుకునేది. చేతుల మీద దద్దుర్లు, పూటపూటకీ కడుపునొప్పి. మరిగించారు, వడగట్టారు, పటిక వేశారు. రంగు తగ్గింది, నొప్పి తగ్గలేదు.

వీధివాళ్లు కలిసి నీటి శాఖకు వెళ్లారు. అక్కడి అధికారి చాలా మంచివాడు. అందరినీ కూర్చోబెట్టి, తన ఫ్లాస్కులోంచి తాను టీ తాగి, స్పష్టంగా చెప్పాడు. నీళ్లలో విషముందని విష పరీక్షా సంస్థ రాసిస్తే జలాశయం నుంచి ఆ వీధికి కొత్త పైపు వేస్తారు. విషం లేదని రాస్తే పాత పైపే కొత్త పైపు. ఆ విధంగా ఒక వీధి మొత్తం తాగునీరు, చిట్టి కడుపూ మా సంస్థలోని ఈగల చేతిలో పడ్డాయి.

"ఏమంటున్నాయే మీ ఈగలు?" అని అక్క రోజూ అడిగేది.

"ఇంకా తాగుతున్నాయక్కా."

"కాస్త గబగబా తాగమనవే. ఇక్కడ దీనికి గంజి కూడా ఇమడట్లేదు."

పరీక్ష ఎలా చేస్తామంటే, మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు కలిపి జావ కాచి గాజు సీసాల అడుగున పోస్తాం. అది గడ్డకడుతుంది. కొన్ని సీసాల్లో మంచినీళ్లతో కాచిన జావ, కొన్నిట్లో వీధి నీళ్లతో కాచింది. ఈగల్ని వదిలి దూదితో మూతి బిగిస్తాం. తర్వాత చూడటమే. మొదటి పరీక్షలో మంచినీళ్ల సీసాలు సంతలా కళకళలాడాయి. వీధి నీళ్ల సీసాల్లో దాదాపు అన్నీ వెల్లకిలా పడి కాళ్లు ముడుచుకున్నాయి. ఏవో కొన్ని మాత్రం మూలల్లో మూలుగుతున్నాయి. నా గ్రాఫులో గీత మేడ మీంచి దూకినట్టు దిగింది.

"అక్కా, శుభవార్త! ఈగలు చచ్చిపోయాయి," అని ఫోన్ చేశాను.

"హమ్మయ్య," అంది అక్క. వెనకనుంచి బావ, "అన్నీ చచ్చాయా? సరిగ్గా కనుక్కో!" అంటున్నాడు. కీటకాల మరణానికి ఇంతగా పరవశించిన కుటుంబం చరిత్రలో మాదేనేమో.

డైరెక్టరు గారు తొందరపడే మనిషి కాదు. నా గ్రాఫును నిలువుగా చూశారు, అడ్డంగా చూశారు, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూశారు. చివరకు, "లోపం నీళ్లదా, ఈగలదా అన్నది ముందు తేలాలి," అన్నారు. ఇంత లోతైన ప్రశ్న అంతవరకు ఎవరికీ తట్టలేదు. వెంటనే ఈగల నాణ్యతా విచారణ సంఘం ఏర్పడింది. సభ్యులు ముగ్గురు. డైరెక్టరు గారు, నీటి శాఖ అధికారి, ఫ్యాక్టరీ తరఫున ప్రజా సంబంధాలు చూసే పెద్దమనిషి. ఈ మూడో ఆయన్ను మేం నవ్వులాయన అంటాం. ఎవరు ఏం చెప్పినా నవ్వుతాడు. చచ్చిన ఈగల ఫొటోలు చూపించినప్పుడు ఇంకా చక్కగా నవ్వాడు.

సంఘం నిష్పక్షపాతంగా విచారించింది. మృత ఈగల వాంగ్మూలం తీసుకునే వీలు లేనందున పరిస్థితులను బట్టి నిర్ధారణకు వచ్చింది. సదరు ఈగలలో పట్టుదల కొరవడినదనీ, వాటిని చిన్నతనం నుంచి మంచినీళ్లతో గారాబంగా పెంచడం వల్ల జీవితంలో ఎదురయ్యే సాధకబాధకాలకు అవి సిద్ధంగా లేవనీ, కావున మరణాలకు నీటిని బాధ్యురాలిని చేయడం తగదనీ తీర్మానించారు. పరీక్ష మళ్లీ చేయమన్నారు.

ఇక్కడ ఈగలమ్మ గారి గురించి చెప్పాలి. ఈగల గది ఆవిడదే. వాటి జావ ఆవిడే కాస్తారు, సీసాలు ఆవిడే కడుగుతారు, చలికాలం హీటరు ముందు తన కాళ్లు కాకుండా ఈగల సీసాలు పెడతారు. మనిషి బంగారం. ఒకటే గుణం, ఏదీ పారేయలేరు. టూత్‌పేస్టు ట్యూబును కత్తిరించి లోపల గీకేరకం. ఆవిడ సంచిలో మడతపెట్టిన పాత కవర్లు ఇంకో సంచికి సరిపడా ఉంటాయి. ప్రతి పరీక్షకూ కొత్త ఈగల్ని, అంటే ఆ నీళ్ల మొహం చూడనివాటిని వాడాలన్నది నియమం. కానీ మొదటి పరీక్షలో మూలల్లో మూలుగుతూ మిగిలిన కాసినిటినీ చూసి ఆవిడ మనసు కరిగింది. వాటినే జాగ్రత్త చేసి, పిల్లల్ని పెట్టనిచ్చి, ఆ పిల్లలతో రెండో పరీక్ష మొదలుపెట్టారు. అందులో మిగిలినవాటి పిల్లలతో మూడోది.

"అమ్మా, అలా చేస్తే నీళ్లను పరీక్షించినట్టు కాదు కదా. ఆ నీళ్లకు తట్టుకునే ఈగల్ని ఏరినట్టవుతుంది," అన్నాను.

"ఏరితే తప్పేంటి తల్లీ? బియ్యంలో రాళ్లు ఏరమూ?"

"ఇక్కడ మనం రాళ్లు ఉంచి బియ్యం పారేస్తున్నామండీ."

"చాల్లే నీ కంప్యూటరు లెక్కలు. అంత కష్టపడి బతికినవాటిని పారబొయ్యడానికి నాకు చేతులు రావు."

నేను ఈ సంగతి డైరెక్టరు గారి చెవిన వేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈగలమ్మ గారిని పిలిపించి శాలువా ఒక్కటే కప్పలేదు. "ఇన్నాళ్లూ ఇది మనకెందుకు తట్టలేదు? పాసైనవాళ్లనే కదా పై తరగతికి పంపుతాం! ఫెయిలైనవాళ్ల జాతినే పట్టుకు వేలాడితే సంస్థ ఎప్పుడు బాగుపడుతుంది?" అన్నారు. ఆ రోజు నుంచి మా ఈగల గదిలో ప్రతిభకు పట్టాభిషేకం జరిగింది. సీసాల మీద తరగతులు రాశారు. చచ్చినవాటిని మృత ఈగలు అనడం మానేసి, మధ్యలో చదువు ఆపేసినవి అన్నారు. మంచినీళ్ల సీసాల్లో ఈగలు మాత్రం ఏ పరీక్షా లేకుండా హాయిగా ఎగురుతూ ఉండటం చూసి డైరెక్టరు గారికి చిరాకేసింది. వాటివల్ల మిగతావాటి నైతిక స్థైర్యం దెబ్బతింటోందని వాటిని వేరే గదికి మార్చారు. ఆ గదికి ఏసీ లేదు, కిటికీ కూడా లేదు.

తరం మారేకొద్దీ నా గీత పైకెక్కింది. మొదట పాకింది, తర్వాత నడిచింది, ఆ తర్వాత పరుగెత్తింది. నవ్వులాయన దాన్ని చూసి ఆకుపచ్చ రంగు అయితే కంటికి చల్లగా ఉంటుందని సలహా ఇచ్చాడు. రంగుల ఫ్యాక్టరీ మనిషి కదా, రంగుల విషయంలో ఆయన మాట కాదనలేం. ఆకుపచ్చ చేశాను. పెద్దది చేసి వరండాలో తగిలించారు. వచ్చేపోయేవాళ్లు దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునేవారు.

చిన్న ఇబ్బంది మాత్రం ఒకటొచ్చింది. ఈగ బతికిందా లేదా అన్నది ఒక పరీక్షయితే, ఎలా బతికింది అన్నదానికి ఇంకో పరీక్ష ఉంది. సీసాను బల్ల మీద టక్కుమని కొడితే ఈగలన్నీ అడుగుకు పడతాయి. ఆరోగ్యంగా ఉన్నవి క్షణాల్లో గోడ పట్టుకుని పైకి ఎక్కేస్తాయి. మా ప్రతిభావంతులైన ఈగలు ఎక్కలేదు. చెవి కమ్మ పడిపోతే వెతుక్కునేవాళ్లలా అడుగునే తిరిగాయి. రెక్కలు జేబులో మర్చిపోయి ఉతికేసిన కాగితాల్లా ఉన్నాయి. కొన్ని సగం దాకా ఎక్కి, ఆలోచనలో పడి, జారిపోయాయి.

దీన్ని నివేదికలో ఎలా చూపించాలన్నది ఒక ఉదయమంతా చర్చించారు. చివరికి డైరెక్టరు గారే దారి చూపారు. సీసాను తలకిందులు చేసి ఫొటో తీయమన్నారు. ఈగలన్నీ పైనే ఉన్నాయి. "శాస్త్రంలో చూసే కోణం ముఖ్యం," అన్నారు. నవ్వులాయన చప్పట్లు కొట్టాడు. నీటి శాఖ అధికారి ఆ చప్పుడుకు లేచి, తానూ కొట్టాడు.

"బతకడం వేరు, బాగుండటం వేరు కదే. దానికి గ్రాఫు గీయరా మీరు?" అని అడిగింది అక్క ఆ సాయంత్రం.

"ఫొటో ఉందక్కా. తలకిందులుగా ఉంది."

చిట్టి ఫోను లాక్కుని, "పిన్నీ, ఇవాళ ఊదా," అంది. ఈసారి అరవలేదు.

మర్నాడు నేను పక్క ఊరి కాలేజీలో పనిచేసే స్నేహితురాలి దగ్గరకెళ్లి, ఈ గొడవలేమీ తెలియని తాజా ఈగల్ని సీసాల్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను. పక్క సీట్లో ఆవిడ "ఏంటమ్మా అవి?" అంటే "చుట్టాలు" అన్నాను. నియమం ప్రకారం వీధి నీళ్లతో జావ కాచి, నియమం ప్రకారం వదిలాను. అవీ నియమం ప్రకారం చచ్చాయి. మొదటిసారి గీత ఎలా దూకిందో అలాగే దూకింది. దాన్ని సంఘం సమావేశంలో అందరి ముందూ పెట్టాను.

నవ్వులాయన గ్రాఫును చాలా మర్యాదగా చూశాడు. "ఈ ఈగలు ఎక్కడివమ్మా?"

"పక్క ఊరి కాలేజీవండీ."

"అదీ సంగతి." ఆయన డైరెక్టరు గారి వైపు తిరిగాడు. "బయటివి సార్. మన నీళ్లు వాటికేం తెలుసు?"

గదిలో అందరి గుండె మీంచి బరువు దిగిన చప్పుడు నాకు వినిపించింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట స్థానిక ఈగలను మాత్రమే పరీక్షలకు వినియోగించవలెననీ, స్థానికేతర ఈగల అభిప్రాయాలను సంస్థ పరిగణనలోకి తీసుకోజాలదనీ, అట్టి ఈగలను రవాణా చేయు సిబ్బంది తగు సంజాయిషీ ఇచ్చుకోవలెననీ. సంజాయిషీ కింద, వీధిలో జరగబోయే సభకు బ్యానరు డిజైన్ చేయమన్నారు. చేశాను. ఈగ బొమ్మకు కూడా చిరునవ్వు పెట్టమన్నారు. ఈగకు పెదాలుండవు సార్ అంటే, నవ్వులాయన నవ్వి, "పెట్టమ్మా, పర్లేదు," అన్నాడు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. వీధి చివర ఖాళీ స్థలంలో కుర్చీలు వేశారు. వేదిక మీద బల్ల, బల్ల మీద గాజు సీసా, సీసాలో స్థానిక ఈగలు. సీసా తలకిందులుగానే ఉంది. డైరెక్టరు గారు మైకు ముందుకు వచ్చారు.

"సోదర సోదరీమణులారా! ఈ ఈగలను చూడండి. చదువు లేదు, ఆస్తి లేదు, ఎవరి అండా లేదు. అయినా మీ వీధి నీళ్లు తాగి బతికి చూపించాయి. మొదట్లో కొన్ని వెనకబడ్డాయి, నేను దాచను. కానీ మిగిలినవి కుంగిపోయాయా? ధర్నా చేశాయా? లేదు! నేర్చుకున్నాయి. ఒక అల్పప్రాణి నేర్చుకోగలిగినదాన్ని, అన్ని తెలివితేటలూ ఉన్న మనిషి నేర్చుకోలేడా అని నేను ప్రశ్నిస్తున్నాను. ఈ నీళ్లు విషం కాదు. ఈ నీళ్లు ఒక అవకాశం!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలోంచి పాతకాపు లేచారు. ఆ వీధిలో అందరికన్నా ముందునుంచీ ఉన్న పెద్దాయన్ను అందరూ అలాగే పిలుస్తారు. "ఈ కాలం వాళ్లకి ప్రతిదీ రోగమే. మా రోజుల్లో నీళ్లు ఎంత చిక్కగా ఉండేవో తెలుసా? స్పూను నిలబడేది! తాగలా మేం? నాకేమైంది?" అన్నారు. నిజమే, ఆయనకేమీ కాలేదు. నలుగురన్నదమ్ముల్లో ఇప్పటికీ దిట్టంగా ఉన్నది ఆయనొక్కడే. మిగతా ముగ్గురూ ఎలా ఉన్నారని ఎవరూ అడగలేదు, వాళ్లు లేరు కాబట్టి.

అప్పుడు అక్క లేచింది. భుజం మీద చిట్టి నిద్రపోతోంది. ఇంకో చేతిలో గ్లాసు. ఆ రోజు నీళ్లు లేత పసుపు.

"సార్, మీరు చెప్పింది బాగుంది. ఇది మా కుళాయి నీళ్లే. ఒక్క గుక్క తాగండి, మేమూ నేర్చుకుంటాం."

డైరెక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. నవ్వులాయన మైకు అందుకున్నాడు.

"డైరెక్టరు గారు ఈ వీధివారు కారు కదమ్మా. స్థానికులు కానివాళ్ల మీద పరీక్షించకూడదని ఉత్తర్వు ఉంది."

"మరి మేమూ కిందటేడే వచ్చామండీ. మా పిల్ల స్థానికమా కాదా?"

"అలవాటవుతుందిలే అమ్మాయ్," అని వెనకనుంచి ఎవరో అన్నారు. "కొత్తల్లో మాకూ అలాగే ఉండేది," అని ఇంకెవరో. పాతకాపు, "పిల్లని మరీ అంత సుకుమారంగా పెంచితే ఎలాగమ్మా," అన్నారు. అక్క చుట్టూ చూసింది. నీటి శాఖకు తనతో కలిసి వచ్చినవాళ్లలో సగంమంది ఇప్పుడు తలలు ఊపుతున్నారు. మిగతా సగంమంది ఈ మధ్యే ఇళ్లు ఖాళీ చేసి వెళ్లారు. అక్క కూర్చుంది.

నీళ్లలో విషం లేదని నివేదిక ఆమోదం పొందింది. కొత్త పైపు రాలేదు.

అయినా సంస్థ అంతటితో చేతులు దులుపుకోలేదు. ప్రజల మీద ఉన్న శ్రద్ధకొద్దీ ఆ వీధిలో ఇంటింటి ఆరోగ్య సర్వే చేయించింది. ఆ వారం చిట్టి ఆసుపత్రిలో ఉంది. సెలైను ఎక్కుతోంది, అక్క పక్కన స్టూలు మీద, బావ మందుల షాపు దగ్గర. సర్వే వాళ్లు తలుపు కొట్టారు, తాళం ఉంది, రాసుకున్నారు, వెళ్లిపోయారు. సర్వే ఫలితాలు నా దగ్గరకు గ్రాఫు కోసం వచ్చాయి. తలుపు తీసి సమాధానం చెప్పినవారందరూ నిలబడి చెప్పగల స్థితిలోనే ఉన్నారని తేలింది. తాళం వేసిన ఇళ్ల నుంచి ఎటువంటి ఫిర్యాదూ అందలేదు.

తాళం వేసిన ఇళ్లు కూడా గ్రాఫులో చూపిద్దామని అడిగాను. "చెప్పడానికి అక్కడ ఎవరున్నారమ్మా?" అన్నారు డైరెక్టరు గారు. ఆ ఆకుపచ్చ గీత గీయడానికి ఇంకొకరిని చూసుకోమని చెప్పి వచ్చేశాను. చూసుకున్నారు. ఆ అబ్బాయి నాకన్నా బాగా గీస్తాడు.

నీళ్లు మారిస్తే తప్ప లాభం లేదని డాక్టరమ్మ చెప్పడంతో అక్కావాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఇంటి ఓనరు వెంటనే బోర్డు పెట్టాడు. ఆరోగ్యవంతులైన కుటుంబానికి మాత్రమే అద్దెకు ఇవ్వబడును. దొరికారు కూడా. భార్యాభర్తలిద్దరూ పుష్టిగా ఉన్నారట, పిల్లాడు ఇంకా పుష్టిగా ఉన్నాడట. పాతకాపు మెచ్చుకున్నారట.

అక్కావాళ్ల కొత్త ఇల్లు ఊరి అవతల, రెండో అంతస్తు. మొదటిరోజు చిట్టి కుళాయి తిప్పి, గ్లాసు పట్టి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"పిన్నీ, ఈ నీళ్లు పాడైపోయాయా? రంగే లేదు," అంది.

ఇప్పుడు వాంతులు లేవు, దద్దుర్లు మానాయి. మెట్లెక్కేటప్పుడు మాత్రం సగంలో ఆగి, గోడకానుకుని కాసేపు కూర్చుంటుంది. అక్క పైనుంచి పిలవదు. వచ్చి పక్కన కూర్చుంటుంది.

ఆ వీధి ఇప్పుడు ఊరంతటికీ ఆదర్శం. సంస్థ తన పద్ధతిని మిగతా వీధులకు కూడా విస్తరించబోతోందని విన్నాను. అందుకు తగిన జనాన్ని ప్రత్యేకంగా తయారుచేయాల్సిన అవసరం లేదట. మొన్న ఉదయం మీ కుళాయిలో నీళ్లు కాస్త రంగు మారి వచ్చాయి కదా. మీరు కాసేపు అలా వదిలేసి, తేటపడ్డాక బకెట్ పెట్టారు. పక్కింటివాళ్లకూ అలాగే వచ్చిందని తెలిసి స్థిమితపడ్డారు. ఎవరికీ ఫోన్ చేయలేదు. సంస్థ మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటోంది. ఈగల్ని ఇంతవరకు తీసుకురావడానికి సంస్థకు ఎన్నో తరాలు పట్టింది.